అసీలు కోళ్ల శుద్ధజాతి పోషణము – ప్రదర్శనమునకు సిద్ధపఱచు విధము
(రైతుల సభయందలి ఉపన్యాసము)



ఎద్దును కొనబోవు రైతు దాని కొమ్మును, మూపురమును, గిట్టలను, నడకను పరికించి, అది ఏ ఊరి ఆవుకు పుట్టినదో అడిగి తెలిసికొని మఱి బేరమాడును. విత్తనములు కొనునపుడు గింజను కొఱికి చూచును. అట్టి నిపుణుడే తన వాకిట తిరుగు కోళ్లలో ఏ పుంజు ఏ పెట్టను కలియుచున్నదో ఎన్నడును విచారింపడు. కోడి చిన్న ప్రాణి యనియు, దానికి వంశవిచార మక్కఱలేదనియు తలంచును. ఈ అశ్రద్ధవలన మిక్కిలి నష్టపడుచున్నది అసీలు జాతి.

అసీలు అను పేరు "అసలైనది" అను అర్థమిచ్చు అరబ్బీ మాటనుండి వచ్చినది. ఈ జాతికి నెలవు ఆంధ్రదేశము, దానికి పొరుగున నున్న ఛత్తీసుగఢ, ఒడిస్సా ప్రాంతములు. ఇట్టి కోడి తన ఇంట నున్న రైతు, ఒంగోలు ఎద్దు నింట గట్టుకొన్న రైతువలెనే, గొప్ప వంశమును కాపాడు భారమును వహించి యున్నాడు. ఆ భారమును నిర్వహించు విధమును, మంచి పక్షిని పదిమంది యెదుట ప్రదర్శించి మన్నన పొందు విధమును తెలుపుటయే ఈ ఉపన్యాసము యొక్క ఉద్దేశము.

పందెము పోయి ప్రదర్శనము వచ్చిన కథ

అసీలు అనగానే సంక్రాంతి పందెము జ్ఞప్తికి వచ్చుట సహజము. కాని జంతువులను ఒకదానిపై నొకటి పోరాటమునకు పురికొల్పుట 1960 సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. పందెము లేనిచో అసీలు నెవరు పెంచుదురని కొందఱు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నకు ఇంగ్లండు దేశపు చరిత్రలో సమాధానము గలదు.

ఆ దేశమునను కోడిపందెములు ఒకప్పుడు జమీందారులకును కూలివారికిని సమానముగ ప్రీతిపాత్రములు. 1835లో చేయబడిన శాసనముచే అవి నిషేధింపబడెను. పందెపుకోళ్లను తరతరములుగ పోషించినవారు వానిని కోసికొని తినలేదు. వాని అందచందములను, అవయవ సౌష్ఠవమును చూపి పోటీపడ సాగిరి. 1845లో లండను నగరపు జంతుప్రదర్శనశాలలో తొలి పెద్ద కోళ్ల ప్రదర్శనము జరిగెను. 1865లో ఏ జాతికి ఏ లక్షణములుండవలెనో నిర్ణయించు ప్రమాణగ్రంథము వెలువడెను. అమెరికా దేశమున 1873లో కోళ్ల పెంపకందారుల సంఘము స్థాపితమై, 1874లో తన ప్రమాణగ్రంథమును ప్రకటించెను. ఇట్లు పందెము నశించినను పందెపుకోడి నశింపలేదు.

అసీలు విషయమున మఱియొక విశేషము గలదు. 19వ శతాబ్దమున ఇంగ్లండులోని కార్న్‌వాల్ సీమవారు ఇచ్చటినుండి వెళ్లిన అసీలు పుంజులను తమ కోళ్లతో కలిపి, వెడల్పైన రొమ్ము గల యొక నూతన జాతిని నిర్మించిరి. దానికి వారు పెట్టిన పేరు "ఇండియన్ గేమ్". అమెరికావారు దానినే "కార్నిష్" అనిరి. నేడు ప్రపంచమంతట మాంసమునకై పెంచబడు బ్రాయిలరు కోడి వంశమున తండ్రి పక్షము ఈ కార్నిష్ జాతిదే. పరదేశీయులు ఈ రక్తముతో నింత గొప్ప సంపదను నిర్మించుకొనగా, దాని పుట్టినింట శుద్ధమైన జంట దొరకుట కష్టమగుట శోచనీయము గదా!

శుద్ధమైన అసీలు లక్షణములు

ప్రదర్శనమున న్యాయనిర్ణేత మొదట దూరమునుండి పక్షి నిలుచు తీరును చూచును. అసీలు నిటారుగ నిలువవలెను. మెడ పొడవై, భుజములు వెడల్పై, వీపు తోకవైపునకు ఏటవాలుగ దిగవలెను. తోక క్రిందికి వ్రాలి యుండవలెను. నాటుపుంజు తోకవలె పైకి లేచి యుండరాదు.

పిమ్మట తలను చూచును. ముఖము పొడవై, ఈకలు లేక యుండును. ముక్కు పొట్టిగను బలముగను ఉండవలెను. జుట్టు చిన్నదై, తలకు గట్టిగ అంటుకొని, బఠాణీగింజలను మూడు వరుసలుగ పేర్చినట్లుండును. లోలకులు మిక్కిలి చిన్నవి. కన్ను ముత్యమువలె తెల్లగ నున్నచో శ్రేష్ఠమందురు.

తరువాత పక్షిని చేతిలోనికి తీసికొనును. అసీలు యొక్క అసలు పరీక్ష చేతిలోనే తెలియును. ఈక పొట్టిగ, గట్టిగ, శరీరమునకు అంటియుండి, క్రింద మెత్తని నూగు లేక యుండవలెను. రొమ్ముమీద ఈకలు పలుచనై, ఎఱ్ఱని చర్మము కనబడుటయు దోషము కాదు. చూచుటకు చిన్నదిగ తోచిన పక్షి ఎత్తినపుడు ఎదురుచూచినదానికంటె బరువుగ నుండవలెను. సాధారణముగ పుంజు 3 నుండి 4 కిలోలును, పెట్ట 2 నుండి 3 కిలోలును తూగును. రొమ్మెముక వంకర లేక, కాళ్లు దృఢముగ, వ్రేళ్లు తిన్నగ నుండవలెను.

రంగు వేఱు, జాతి వేఱు

గ్రామములలో కోడికి పేరు రంగునుబట్టి వచ్చును. నల్లనిది కాకి, తెల్లనిది సేతువ, ఎఱ్ఱనిది డేగ; ఇట్లే నెమలి, కౌజు, మైల మొదలగు పేర్లు గలవు. ఏ రంగుది ఏ దినమున గెలుచునో తెలుపు కుక్కుటశాస్త్రమును గూర్చి వృద్ధులు చెప్పుదురు. ఆ పేర్లు తెలుగు భాషకు అలంకారములే, వానిని మఱువరాదు. కాని రంగు జాతికి గుర్తు కాదు. ఊరి నాటుకోడియు డేగ కావచ్చును, మేలైన అసీలును డేగ కావచ్చును. రంగును మాత్రమే చూచి పుంజు నెన్నుకొనువాడు, ఎద్దు మచ్చను చూచి అరక కట్టువానితో సమానుడు. మొదట ఎముక, పిమ్మట ఈకకట్టు, పిమ్మట తల, తుదకు రంగు. ఎన్నికకు ఇదియే సరియైన వరుస.

సంకరము ఎట్లు ప్రవేశించును?

ఒక రైతు ఇంట తాతనాటినుండి అసీలు సంతతి యున్నదని భావింపుడు. పిల్లలు నెమ్మదిగ ఎదుగుచున్నవి. పెట్ట ఏడాదికి పెట్టు గ్రుడ్లు మిక్కిలి తక్కువ. ఇది ఆ జాతి స్వభావము. ఆ రైతు ఓర్పు చాలక సంతనుండి త్వరగ ఎదుగు జాతి పుంజును తెచ్చి గుంపులో విడిచెను. తొలి ఈతలో పిల్లలు బలిసి, వేగముగ ఎదిగి మంచి వెల పలికెను. సంతోషించి ముసలి పెట్టలను అమ్మివేసెను. రెండవ తరమున పిల్లలు నానావిధములయ్యెను: కొన్నింటికి రంపపు జుట్టు, కొన్నింటికి వదులు ఈక, కొన్ని పెట్టలు గ్రుడ్లపై కూర్చుండక లేచిపోయెను. అపుడు పాతవంశము కావలెనని వెదకగా పొరుగువారి ఇండ్లలోను అదియే స్థితి. తాత కూడబెట్టినది మూడేండ్లలో పోయెను. ఇక రొక్కమిచ్చినను దొరకదు.

మాంసమునకై సంకరము చేయుట తప్పు కాదు. కాని సంకరము చేయుటకైనను శుద్ధమైన తల్లిదండ్రులు నిలిచి యుండవలెను గదా! కావున అమ్మకపు గుంపును, వంశపు గుంపును వేఱుగ నుంచవలెను.

పైకి కనబడని సంకరమును పట్టు విధము

తొలి తరపు సంకరమును కంటితో గుర్తించుట కష్టము. దీనికి కారణమును 1902లో విలియం బేట్సన్ అను ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు కోడిజుట్టులమీద చేసిన ప్రయోగములచే వెల్లడించెను. మెండెల్ మొక్కలయందు కనుగొనిన వంశనియమమే జంతువులకును వర్తించునని ఆ ప్రయోగములు తేల్చినవి.

ప్రతి పిల్లకును జుట్టునుగూర్చి తండ్రినుండి యొక బీజమును, తల్లినుండి యొక బీజమును వచ్చును. బఠాణీజుట్టు బీజము బలమైనది. రంపపుజుట్టు బీజము దాని చాటున దాగును. శుద్ధ అసీలును రంపపుజుట్టు కోడితో కలిపినచో పిల్లలన్నిటికిని ఇంచుమించుగ బఠాణీజుట్టే వచ్చును, ఒక్కొక్కప్పుడు అది కొంత పెద్దదిగ నుండును. కొనువాడు దానిని చూచి మోసపోవును. అట్టి సంకరజాతి పుంజును అట్టి పెట్టతోనే కలిపినపుడు సగటున 4 పిల్లలలో 1 రంపపుజుట్టుతో బయటపడును. మిగిలిన 3 చూపునకు మంచివే యైనను వానిలో 2 మరల దోషమును దాచుకొన్నవే.

అనుమానము గల పుంజును పరీక్షించుట కొక ఉపాయము గలదు. దానిని రంపపుజుట్టు గల నాటుపెట్టతో కలిపి పిల్లలను చేయింపవలెను. పుంజు శుద్ధమైనచో ఒక్క పిల్లకును రంపపుజుట్టు రాదు. దోషము దాగి యున్నచో సగము పిల్లలకు వచ్చును. 10 పిల్లలు పుట్టియు ఒక్కదానికిని రంపపుజుట్టు లేనిచో, పుంజు శుద్ధమైనదని నమ్మవచ్చును; దోషము గల పుంజు విషయమున ఇట్లు జరుగుటకు అవకాశము 1024లో ఒక వంతు మాత్రమే. పరీక్షకై పుట్టిన పిల్లలను కూరకు వాడుకొనవలెనేగాని వంశమునకు నిలుపరాదు. ఈ పరీక్ష జుట్టును గూర్చియే చెప్పును. ఈకకట్టు, ఎముక మొదలగు వానిని రైతు తన కంటితోను చేతితోను పరీక్షింపవలసినదే.

పరజాతి పుంజు ఒకసారి కలిసిన పెట్ట జన్మాంతము చెడిపోవునని కొందఱు నమ్ముదురు. ఇది సత్యము కాదు. పుంజును వేఱుచేసిన పిమ్మటను రెండు మూడు వారములవఱకు పెట్ట దాని బీజమును కడుపులో నిలుపుకొనును. కావున 3 వారములు ఒంటరిగ నుంచి, పిమ్మట సొంతజాతి పుంజును కలిపినచో, ఆ వెనుక పుట్టు పిల్లలు శుద్ధములే. దీనిని తెలియక మంచి పెట్టలను కోసికొన్నవారు గలరు.

దగ్గఱి సంబంధము వలని కీడు

శుద్ధత కొఱకు ఒకే ఇంటి పక్షులను తరతరములు కలుపుచు పోయినచో మఱియొక ఆపద కలుగును. గ్రుడ్లు సరిగ పొదుగబడవు, పిల్లలు నీరసించును, వ్రేళ్లు వంకరలు పోవును. గుంపులో ఎన్ని పక్షులున్నవనుట కాదు, ఎన్ని పుంజులున్నవనుట ముఖ్యము. దీనికి లెక్క యిట్లు: పుంజుల సంఖ్యను పెట్టల సంఖ్యచే గుణించి, దానిని 4 చే హెచ్చించి, వచ్చినదానిని పుంజులు పెట్టలు కలిసిన మొత్తముచే భాగింపవలెను. 1 పుంజు, 10 పెట్టలు గల గుంపు ఈ లెక్కన 3.6 పక్షులకు మాత్రమే సమానము. 2 పుంజులు, 6 పెట్టలు గల గుంపు సంఖ్యకు చిన్నదైనను 6 పక్షులకు సమానము.

అయితే ఒక్క ఇంట అనేక పుంజులనుంచిన అవి కొట్లాడుకొని చచ్చును. కావున నలుగురు రైతులు కూడి చేయవలసిన పని ఇది. ఒక్కొక్కరు 2 పుంజులను, 6 పెట్టలను ఉంచుకొన్నచో, నాలుగిండ్లలో 8 పుంజులు, 24 పెట్టలగును. పై లెక్కన ఇది 24 పక్షులకు సమానము. ప్రతి సంవత్సరము మొదటి ఇంటి కుఱ్ఱపుంజులు రెండవ ఇంటికి, రెండవ ఇంటివి మూడవ ఇంటికి, మూడవదానివి నాల్గవ ఇంటికి, నాల్గవదానివి మొదటి ఇంటికి పోవలెను. కూతురు పెట్టలు పుట్టినింటనే యుండవలెను. ఈ విధముగ అన్నచెల్లెండ్ర కలయిక తప్పును. ఏ ఒక్క ఇంట రోగము వచ్చి గుంపు నశించినను, మిగిలిన మూడిండ్లనుండి వంశము మరల తెచ్చుకొనవచ్చును.

గుర్తులు, గ్రుడ్లు, పిల్లలు

జ్ఞాపకశక్తిని నమ్మి వంశమును కాపాడ వీలుకాదు. పిల్ల పొట్టునుండి వెలువడిన దినముననే కాలివ్రేళ్ల నడుమ నుండు పలుచని చర్మమున చిన్న రంధ్రము పొడిచి గుర్తు పెట్టవచ్చును. రెండు కాళ్లకు కలిపి అట్టి తావులు 4 గలవు. రంధ్రము ఉండుట, లేకుండుట అను భేదముచే 16 విధముల గుర్తులు ఏర్పడును. ఏ గుర్తు ఏ జంటదో లెక్కలపుస్తకములో వ్రాసి యుంచవలెను. పెరిగిన పక్షులకు కాలికడియము చాలును.

పొదుగుటకు మధ్యరకపు పరిమాణము గల, పెంకు నున్ననైన గ్రుడ్ల నేరి, సన్నని కొన క్రిందికి వచ్చునట్లు చల్లని తావున ఉంచవలెను. 7 దినములు మించి నిలువచేయరాదు. అసీలుపెట్ట మంచి తల్లి. గ్రద్దనుగాని పామునుగాని చూచి పాఱిపోదు. దాని క్రింద 8 నుండి 10 గ్రుడ్లు పెట్టవచ్చును. 7వ నాటి రాత్రి దీపమునకు అడ్డముగ పెట్టి చూచి, లోపల నరములు కానరాని గ్రుడ్లను తీసివేయవలెను. 21వ దినమునకు పిల్లలు వెలువడును.

పిల్లలకు నూకలు, సజ్జలు, జొన్నలు పెట్టుటతో సరిపెట్టరాదు. వేరుశెనగ తెలకపిండి, ఎండుచేపల పొడి, చెదలు మాంసకృత్తుల నిచ్చును. మునగాకు, తోటకూర విటమినుల నిచ్చును. ఆల్చిప్పల పొడి ఎముకకు బలము. ఎదుగు వయస్సున ఎముకకు కఱవైన పక్షి ఎంత గొప్ప వంశముదైనను ప్రదర్శనమున నిలువజాలదు.

ప్రదర్శనమునకు సిద్ధపఱచుట

ప్రదర్శనములలో పక్షులను సాధారణముగ నాలుగు తరగతులుగ విభజింతురు: ఏడాది దాటిన పుంజు, ఏడాది లోపలి కుఱ్ఱపుంజు, ఏడాది దాటిన పెట్ట, ఏడాది లోపలి పడుచుపెట్ట. రైతు తన పక్షి వయస్సును నిజముగ చెప్పి తగిన తరగతిలో చేర్పింపవలెను.

ఎన్నికను రెండు నెలల ముందే చేయవలెను. ఊడిన ఈక మరల పూర్తిగ వచ్చుటకు సుమారు 6 నుండి 8 వారములు పట్టును. విఱిగిన ఈక ఈకరాలు కాలమువఱకు అట్లే నిలుచును. ఎన్నుకొన్న పుంజును వేఱుచేసి, పొడిగడ్డి పఱచిన విశాలమైన గూటిలో ఉంచవలెను. రెండు పుంజుల గూళ్ల నడుమ తడికగాని పలకగాని అడ్డముంచవలెను. లేనిచో అవి ఊచల సందున పొడుచుకొని ముఖములు పాడుచేసికొనును.

ప్రతిదినము సాయంకాలము పక్షిని చేతిలోనికి తీసికొని, ఱెక్క విప్పి, రొమ్ము నిమిరి, మరల నెమ్మదిగ నిలువబెట్టవలెను. ఇట్టి అలవాటు లేని పుంజు న్యాయనిర్ణేత చేయి సోకగనే కొట్టుకొని, తోక విఱుచుకొని, అప్పటివఱకు పడిన శ్రమను వ్యర్థపఱచును. పేలు, గోమార్లు ఉన్నవేమో ఱెక్కల క్రిందను, తోక మొదటను వెదకవలెను.

అసీలు గట్టి ఈక గలది గనుక దానికి స్నాన మంతగ అవసరములేదు. తడిగుడ్డతో ఈకలను వాలునకు తుడిచి, కాళ్ల పొలుసుల సందులలోని మట్టిని మెత్తని కుంచెతో కడిగి, జుట్టునకును కాళ్లకును కొబ్బరినూనె పలుచగ రాచి, మరల పొడిగుడ్డతో అద్దవలెను. నూనె కాఱునట్లు రాచినచో దుమ్ము పట్టును.

రంగు వేయుట, దోషపు ఈకలను పెఱికివేయుట, జుట్టునుగాని లోలకులనుగాని కోయుట తగవు. జుట్టు జాతికి గుర్తు. దానిని కోసినవాడు తన పక్షి సాక్ష్యమును తానే చెఱపినవాడగును. ఓడినను నిజమైన పక్షితో ఓడుట మేలు. న్యాయనిర్ణేత చెప్పిన దోషమును వ్రాసికొని, మఱుసటి యేడు ఆ దోషము లేని పుంజును జతచేసినచో, ఆ ఓటమియే విద్యయగును.

తిరిగి వచ్చిన పిమ్మట

ప్రదర్శనమున పక్షి పొందిన బహుమానముకంటె, అచ్చటినుండి అది తెచ్చు రోగము పెద్దది కావచ్చును. కోళ్లకు మృత్యువైన కొక్కెర తెగులు 1926లో జావాద్వీపమునను, ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమునను మొదట గుర్తింపబడెను. హిమాలయ ప్రాంతపు రాణిఖేత పట్టణమున కనబడుటచే ఈ దేశమున దానికి రాణిఖేతు రోగమని పేరు వచ్చెను. రోగము సోకిన 2 నుండి 15 దినములలో లక్షణములు బయలుపడును: నోరు తెఱచి ఊపిరి పీల్చుట, పచ్చని విరేచనములు, మెడ తిరుగుడు, కాళ్లు ఈడ్చుట. సోకిన పిమ్మట ఔషధము లేదు. ముందుగ టీకా వేయించుటయే శరణము. మొదటి వారమున కంటిలోగాని ముక్కులోగాని చుక్కల టీకాయు, 6 నుండి 8 వారముల వయస్సున చర్మము క్రింద సూదిటీకాయు పశువైద్యుని సలహాపై వేయింపవలెను. ప్రదర్శనమునకు రెండు మూడు వారముల ముందే టీకాలన్నియు ముగిసి యుండవలెను.

ఎంత గెలిచిన పుంజునైనను తిరిగి వచ్చిన వెంటనే గుంపులో విడువరాదు. 3 వారములు దూరపు గూటిలో ఉంచి, ఇంటి గుంపునకు మేత పెట్టిన పిమ్మటనే దాని యొద్దకు పోవలెను. దాని నీటిపాత్ర, గంప వేఱుగ నుండవలెను. సంతనుండి కొని తెచ్చిన పక్షికిని, నాలుగిండ్ల మార్పిడిలో వచ్చిన కుఱ్ఱపుంజునకును ఇదియే నియమము. ఊరేగింపుగ వచ్చిన పుంజును ఆ రాత్రియే పెట్టలతో కలిపి, పక్షము తిరుగకముందే గూడెల్ల ఖాళీ చేసికొన్న ఇల్లు మరల అసీలు నామమును నిలుపుట కష్టము.

రైతులు జ్ఞాపకముంచుకొనవలసిన ముఖ్యాంశములు

1. వంశపు గుంపును, అమ్మకపు గుంపును వేఱుగ నుంచవలెను.
2. రంగుకంటె ముందు ఎముకను, ఈకకట్టును, తలను చూడవలెను.
3. నలుగురు కూడి ఏటేట పుంజులను మార్చుకొనవలెను.
4. ప్రతి పిల్లకు గుర్తు పెట్టి పుస్తకములో వ్రాయవలెను.
5. టీకా ముందు, ప్రదర్శనము తరువాత. ప్రదర్శనము తరువాత 3 వారముల ఏకాంతము.

పొలములోని పంట ఒక యేడు పోయినను మఱుసటి యేడు విత్తనము దొరకును. అసీలు విత్తనము ఏ కొట్టులోను అమ్మబడదు. అది రైతుల వాకిళ్లలోనే గలదు. ఆ వాకిలి గడపయందు దానిని నిలుపుకొను రైతు తనకును, తన ఊరికిని, రాబోవు తరమునకును మేలు చేసినవాడగును.